నేను చెప్పిన మూడు నిజాలు

మా వీధికి వాకబుకొచ్చే మనుషుల్ని నేను మలుపు తిరుగుతుండగానే గుర్తుపట్టేస్తాను. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చేతిలో మడతపెట్టిన సంచీ, వెళ్ళాల్సిన ఇల్లు తెలిసి కూడా తెలియనట్టు అటూ ఇటూ చూపులు. వచ్చినవాళ్ళు తిన్నగా విషయానికి రారు. "ఇక్కడ ఇల్లేమైనా అద్దెకున్నాదా అమ్మా" అని మొదలెడతారు. రాజాంలో అద్దె ఇల్లు వెతుక్కునేవాడు పెళ్ళికెళ్తున్నట్టు తయారై రాడని మా వీధిలో పిల్లలకి కూడా తెలుసు. అయినా మా వాళ్ళు "ఎంతమంది ఉంటారండీ, ఎన్ని గదులు కావాలి" అని ఎదురు అడుగుతారు. అలా ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు కాసేపు మోసం చేసుకున్నాక, వచ్చినాయన గొంతు తగ్గించి, "ఆ పచ్చ గేటు ఇంటోళ్ళు ఎలాటోళ్ళమ్మా?" అంటాడు.

వాకబు అంటే అదే. సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్లాడి గురించో పిల్ల గురించో వాళ్ళ వీధిలోనే చాటుగా ఆరా తియ్యడం. మా వైపు దానికో పద్ధతుంది. మూడుచోట్ల అడగాలి. వీధి మొదట్లో ఉన్న కొట్టులో ఒకసారి, ఎదురింట్లో ఒకసారి, ఆ వీధిలో చదువుకున్నవాళ్ళని పేరున్న ఇంట్లో ఒకసారి. మూడుచోట్లా ఒకే మాట వస్తే ఆ మాట నిజం. పిల్లాడు పనిచేసే ఆఫీసుకి మాత్రం వెళ్ళరు. అక్కడికెళ్ళి అడిగితే నమ్మకం లేదన్నట్టు ఉంటుందట, కాబోయే వియ్యంకుల పరువు పోతుందట. ఉద్యోగం ఉందో లేదో ఉద్యోగం ఉన్నచోట అడక్కుండా పప్పులు అమ్మే కొట్టులో అడిగే తెలివి మా జనానికే ఉంది.

ఇక మా వీధి చెప్పే జవాబుల సంగతి. మా వీధిలో మగపిల్లలందరూ బంగారం. ఆడపిల్లలందరూ నోట్లో నాలుక లేనివాళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను, ఇంతవరకూ ఒక్క ఇత్తడి ముక్క కూడా పుట్టలేదు. కొట్టాయన పొద్దున్న షట్టరు ఎత్తినప్పటి నుంచీ దించేదాకా వీధిలో ఉన్న ప్రతివాడి గురించీ చెడ్డగానే మాట్లాడతాడు. ఎవడు తాగొచ్చాడు, ఎవడు పెళ్ళాన్ని కొట్టాడు, ఎవడు ఎక్కడ తిరుగుతున్నాడు, అన్నీ ఆయన దగ్గరే దొరుకుతాయి. తెల్లచొక్కా మనిషి మెట్టెక్కగానే అదే నోరు తేనె కారుస్తుంది. "ఆ కుర్రోడా? అలాటోడు ఈ రోజుల్లో దొరకడు బాబూ" అంటాడు. నిన్న ఆ కుర్రాడినే వెధవ అన్నావు కదయ్యా అని ఒకసారి నిలదీశాను. "ఓ ఇల్లు నిలబడతాది కదా టీచరు గారూ, మన సొమ్మేటి పోతాది" అన్నాడు. నిలబడేది ఎవరి ఇల్లో, కూలేది ఎవరి బతుకో ఆయనకి అనవసరం. వాళ్ళు భోజనాలకి పిలుస్తారు, ఈయన వెళ్ళి తింటాడు, అంతే.

నాకు ఊళ్ళో రెండు పేర్లున్నాయి. ఒకటి నోటి దురుసు మనిషినని. రెండోది అబద్ధం చెప్పనని. రెండూ నిజమేనని నేను చాలాకాలం పొంగిపోయాను. గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. వాళ్ళ పిల్లాడికి లెక్కలు రావని ఎంతమంది తండ్రుల మొహం మీదే చెప్పానో. మా ఆయన నన్ను పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళే ముందు "వంటలు బాగాలేకపోతే ఇంటికొచ్చాక చెప్పు" అని బతిమాలుకునేవారు. ఇలాంటి మనిషిని కాబట్టి కొట్టాయన లాంటి వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళూ నేనూ ఒకే వీధిలో ఉంటున్నామంటేనే నామోషీగా ఉండేది.

పచ్చ గేటు ఇల్లు మా ఎదురిల్లు. ఆవిడకి భర్త లేడు, ఇద్దరు మగపిల్లలు. నన్ను వదినా అంటుంది, నేనూ ఆవిణ్ణి వదినా అంటాను. పెద్దవాడు నా దగ్గరే పదో తరగతి లెక్కలు చదువుకున్నాడు. డిగ్రీ అయ్యాక శ్రీకాకుళంలో ఏదో మందుల కంపెనీ బ్రాంచి ఆఫీసులో చేరాడు. మెళ్ళో రిబ్బనుకి కార్డు వేలాడేసుకుని, చేతిలో టిఫిన్ బాక్సుతో పొద్దున్న ఏడున్నరకి గేటు తీసి బయల్దేరేవాడు. ఆ కార్డుని ఆవిడ రోజూ పైటకొంగుతో తుడిచి ఇచ్చేది. ఆదివారం గుడికి వెళ్ళినా అది మెళ్ళోనే ఉండేది.

ఒకరోజు పలాసలో ఉన్న మా చెల్లెలి దగ్గరికి వెళ్దామని నేను ఆమదాలవలస స్టేషన్‌కి వచ్చాను. పదకొండు గంటలైంది. బండి ఆలస్యం. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద మెళ్ళో కార్డుతో ఈ అబ్బాయి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో బాక్సు తెరిచి ఉంది. నన్ను చూడగానే, క్లాసులోకి వస్తే లేచినట్టు, చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఏం నాయనా, ఆఫీసు పనిమీదొచ్చావా?" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. "ఆఫీసు ఎత్తేసేరు మేడమ్. అయిదు నెలలైపోయింది."

"మరి రోజూ పొద్దున్నే ఎక్కడికి వెళ్తున్నావు?"

"ఇక్కడికే."

"ఇంట్లో చెప్పలేదా?"

"మా అమ్మకి తెల్సు మేడమ్. తెలీనట్టే బాక్సు కడతాది."

నాకు వాడి మీద జాలి కలగలేదు, అది ఇప్పుడు దాచుకోవడం ఎందుకు. చీదర కలిగింది. పాతికేళ్ళు దాటిన మనిషి, కాళ్ళూ చేతులూ ఉన్నాయి, చదువుంది, రాజాంలో ఏ ధాన్యం కొట్టులో అడిగినా పని దొరుకుతుంది. అవేవీ చెయ్యకుండా మెళ్ళో చచ్చిన ఉద్యోగం వేలాడేసుకుని, వచ్చేపోయే రైళ్ళు చూస్తూ అమ్మ కట్టిన అన్నం తింటున్నాడు. ఆ తల్లి అంతకన్నా ఘనురాలు. ఇద్దరికీ నిజం తెలుసు. ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు తెలియనట్టు మర్యాద చేసుకుంటున్నారు. తిరిగొచ్చాక తెలిసిందేమిటంటే సంగతి వీధంతటికీ తెలుసట. కొట్టాయనకైతే ఏ బెంచీయో కూడా తెలుసు.

ఆ మాఘమాసంలో పెద్దవాడికి సంబంధం వచ్చింది. టెక్కలి అవతల పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం, అమ్మాయి డిగ్రీ చదివింది. ఫలానా రోజు పిల్ల తండ్రి వాకబుకొస్తాడని ఎవరి ద్వారానో ఎదురింటికి తెలిసిపోయింది. వాకబుకి ఎవరు ఎప్పుడొస్తారో అందరికన్నా ముందు తెలిసేది ఆ ఇంటికే. ముందురోజు సాయంత్రం ఎదురింటావిడ గిన్నెడు పనసపొట్టు కూర పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"వదినా, రేపొకాయన వస్తాడు. మిమ్మల్నే అడుగుతాడు" అంది.

"అడిగితే ఉన్నది చెప్తాను" అన్నాను.

"మిమ్మల్ని అబద్ధం ఎవరాడమన్నారమ్మా. మీరు ఆడరని నాకు తెల్దా. పెళ్ళయితే మా వోడే దార్లో పడతాడు. అంతవరకూ ఓర్చుకోండి. నా కొడుకు పెళ్ళి మీ నోటి మీదగా సెడిపోయిందన్న మాట మాత్రం వద్దు వదినా. నాకు కాదు, మీకే బాగోదు."

ఆ చివరిమాటలోనే అంతా ఉంది. మా వైపు దొంగతనం చేసినవాడికైనా కొన్నాళ్ళకి మాఫీ ఉంటుంది, పెళ్ళి చెడగొట్టినదానికి ఉండదు. పేరంటానికి పిలవరు. పిలిచినా పసుపు రాసేటప్పుడు చేతులు తేడాగా కదులుతాయి. ఒక పెళ్ళి చెడగొట్టిందన్న పేరొచ్చిన మా దూరపు బంధువు ఒకావిడ పదేళ్ళు ఏ శుభకార్యానికీ వెళ్ళకుండా ఉండిపోయింది. ఆవిడ చెప్పింది నిజమేనని అందరికీ తెలుసు. అయినా అంతే.

మర్నాడు పదిగంటలకి ఆయన వచ్చాడు. తెల్లచొక్కా ఉంది, సంచీ ఉంది. ఎండలో నడిచొచ్చిన మొహం. గేటు దగ్గర నిలబడి, "ఇక్కడేమైనా ఇల్లు అద్దెకున్నాదా తల్లీ?" అన్నాడు. లేదన్నాను. "ఇక్కడ నీళ్ళు ఎలాటివమ్మా?" అని అడిగాడు. ఉప్పునీళ్ళనీ, పప్పు ఉడకదనీ, కుళాయి రోజు విడిచి రోజు వస్తుందనీ చెప్పాను.

ఆయన మొహం విప్పారింది. "కొట్టులో ఆ బాబు కొబ్బరినీళ్ళలాగుంటాయన్నాడు. నాను ఇందాకే ఆ కుళాయి దగ్గర తాగి సూసేను. మీరొక్కరే ఉన్నది సెప్పేరు" అని చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.

నన్ను పరీక్ష పెట్టాడన్నమాట. ధాన్యం కొనేటప్పుడు బస్తాలో మోచెయ్యిదాకా చెయ్యి దూర్చి, అడుగునున్న గింజ తీసి కొరికి చూసే మనిషి. నీళ్ళ మాటతో నన్ను కొరికి చూశాడు. గింజ గట్టిగానే ఉంది. ఇక ఆపైన నేనేం చెప్పినా నమ్మడానికి సిద్ధపడి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. నేను మంచినీళ్ళిచ్చాను. మా ఆయన పేపరు వెనకాల ఉన్నారు.

"దాసడం ఎందుకమ్మా, ఎదురింటి పెద్దబ్బాయికి మా గుంటనిద్దామనుకుంటన్నాం. మీ దగ్గర సదువుకున్నాడంట. ఎలాటోడు?"

"తెలివైన పిల్లాడండీ. లెక్కల్లో నా దగ్గర తొంభై తగ్గలేదు" అన్నాను. అది నిజం.

"అలవాట్లేమైనా ఉన్నాయా తల్లీ? ఈ రోజుల్లో కుర్రోళ్ళు సూస్తన్నాం కదా."

"నేను చూస్తుండగా సిగరెట్ కూడా ముట్టలేదు. పెద్దవాళ్ళు కనిపిస్తే లేచి నిలబడతాడు" అన్నాను. అదీ నిజమే. ఎక్కడ లేచి నిలబడ్డాడో ఆయన అడగలేదు.

"ఉద్యోగం గట్టిదేనా?"

ఈ ప్రశ్న కోసమే ఆయన అంత దూరం బస్సెక్కి వచ్చాడని నాకు తెలుసు. ఉందో లేదో ఒక్క మాట చాలు. నేను ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తుంది. "పొద్దున్న ఏడున్నరకి బాక్సు పట్టుకుని బయల్దేరతాడండీ. సాయంత్రం ఏడింటికి ఇంటికొస్తాడు. ఎండనక వాననక, ఒక్కరోజు కూడా ఆలస్యంగా బయల్దేరడం నేను చూడలేదు" అన్నాను.

ఆయన రెండు చేతులూ జోడించాడు. "సాలు తల్లీ. ఇంకెవర్నీ అడగను" అన్నాడు. సంచీలోంచి జీడిపప్పు పొట్లం తీసి బల్లమీద పెట్టాడు, మా తోటలోవి అన్నాడు. వద్దన్నాను. బలవంతం చేసి పెట్టి వెళ్ళిపోయాడు.

ఆయన గేటు దాటాక మా ఆయన పేపరు దించారు. "లెక్కంతా చేసి జవాబు రాయకపోతే నువ్వు పిల్లలకి మార్కులు వేసేదానివా?" అన్నారు. నేను అబద్ధమేమైనా చెప్పానా అని గయ్‌మన్నాను. లేదు, అని మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు. ఆయన తీరే అంత. ఎవరి జోలికీ పోరు, ఆనక ఒక మాట విసిరి తప్పుకుంటారు. నిజం మీద అంత ప్రేముంటే వచ్చినాయన ఎదురుగా పేపరు దించొచ్చు కదా.

నాకు మాత్రం ఆ పూట లోలోపల ఒక గొప్ప. అబద్ధం ఆడలేదు, పెళ్ళి చెడగొట్టలేదు. కొట్టాయనలా బంగారం గింగారం అని నోరు పాడుచేసుకోలేదు. చెప్పిన మూడూ నిజాలే, ఏ కోర్టులోనైనా నిలబడతాయి. ఇప్పుడు ఆలోచిస్తే కొట్టాయనే నాకన్నా నయం. ఆయన అబద్ధం అందరికీ తెలిసిన అబద్ధం, దాన్ని ఎవరూ నమ్మరు. నేను అమ్మింది నా పేరుని. అదీ ఒక గిన్నెడు పనసపొట్టు కూరకి, నాలుగు పేరంటాలకి.

వైశాఖంలో పెళ్ళయింది. నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను, అక్షింతలు వేశాను, గుమ్మడికాయ దప్పళంలో ఉప్పెక్కువైందని అక్కడే చెప్పాను కూడా. అందరూ నవ్వారు. టీచరు గారు మొహమాటపడరు అనుకున్నారు.

పెళ్ళయ్యాక కూడా వాడు ఏడున్నరకి బయల్దేరడం మానలేదు. బాక్సు కట్టే చెయ్యి మారిందంతే. కొత్తకోడలు పొద్దున్నే లేచి వండి, మూత బిగించి, గేటుదాకా వచ్చి ఇచ్చేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు ఉండే పిల్ల. నా వైపు చూసి నవ్వేది. నేను మొక్కలకి నీళ్ళు పోస్తూ వాళ్ళిద్దర్నీ రోజూ చూసేదాన్ని. ఒక్కరోజు కూడా గేటు దాటి వెళ్ళి చెప్పలేదు. పెళ్ళి అయిపోయింది కదా, ఇప్పుడు చెప్తే కాపురం కూల్చినట్టు అవుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ముందు చెప్తే పెళ్ళి చెడుతుంది, తరవాత చెప్తే కాపురం చెడుతుంది. చెప్పకుండా ఉండాలనుకున్నవాళ్ళకి కారణాలు ఎప్పుడూ దొరుకుతాయి.

ఆషాఢం వచ్చింది. కూతుర్ని పుట్టింటికి తీసుకెళ్ళడానికి తండ్రి వచ్చాడు. సెలవు దొరకలేదని అల్లుడు మామూలుగానే బాక్సుతో వెళ్ళిపోయాడు. తండ్రీ కూతుళ్ళు బస్సులోనే టెక్కలి దాకా వెళ్ళాలి. ఆ పిల్లకి బస్సు పడదు. దారిపొడుగునా వాంతులు చేసుకుంటుంటే ఆమదాలవలసలో దింపేసి, రైల్లో వెళ్దాం పద అని ఆయన స్టేషన్‌కి నడిపించుకుని వెళ్ళాడు. తరవాత జరిగింది నాకు వాడే చెప్పాడు. బెండకాయ వేపుడు కలుపుకుంటూ తలెత్తేసరికి ఎదురుగా పెళ్ళామూ మామగారూ ఉన్నారట. లేవబోయాడట. ఆ పెద్దాయన వాడి భుజం మీద చెయ్యేసి, "కూసో బాబూ. తినేటప్పుడు లెగకూడదు" అన్నాడట. వాడు తినేదాకా ఇద్దరూ పక్కనే నిలబడ్డారట. ఒక్క మాట కూడా అడగలేదట. అడగడానికి ఏముంది, మెళ్ళో కార్డు ఉంది, ఒళ్ళో బాక్సు ఉంది.

ఎదురింటావిడ మాత్రం ఏమీ జరగనట్టే వీధంతా తిరిగింది. "మా వోడికి మావగారంటే ఎంత పేణమో సూడండి, సెలవెట్టి మరీ రైలెక్కించడానికి వెళ్ళేడు" అని చెప్పుకొచ్చింది. కొట్టాయన అవునవునన్నాడు. ఆ నోళ్ళకి సిగ్గు అనేది ఆ దేవుడు పెట్టలేదు.

ఆ పిల్ల ఇక రాదనుకున్నాను. ఆషాఢం వెళ్ళిన మూడోరోజున తండ్రే తీసుకొచ్చి దింపాడు. అప్పుడు నేను గేటు దగ్గరే ఉన్నాను, తప్పించుకోవడానికి లేకపోయింది. "బాగున్నారా" అన్నాను, సిగ్గులేకుండా. ఆయన ఆగి, చేతులు జోడించి, "బాగున్నామమ్మా" అని వెళ్ళిపోయాడు. కోపం లేదు, వెటకారం లేదు. ఆయన మనసులో ఏమీ పెట్టుకోలేదని నేను ఆరోజు సంతోషించాను. నాకు కావాల్సినట్టు అర్థం చేసుకోవడంలో నాకు నేనే సాటి.

తిరిగొచ్చిన ఆ పిల్ల వేరే మనిషి. వచ్చిన మర్నాడే మొగుడి మెళ్ళోంచి కార్డు తీసి అవతల పారేసి, ఆ రిబ్బనుతో ఆనపపాదుని గేటు ఊచకి కట్టేసింది. వీధిలో పోయేవాళ్ళందరికీ కనిపించేలాగా. వారం తిరక్కుండా వాణ్ణి తీసుకెళ్ళి ధాన్యం కొట్టులో గుమాస్తాగా చేర్చింది. తను మెయిన్‌రోడ్డు మీద బట్టల షాపులో చేరింది. అత్తగారు వీధిలో "మా వోడు మేనేజరు" అంటే, ఈ పిల్ల పక్కనుంచి "గుమాస్తా" అని దిద్దేది. గొంతు పెంచేది కాదు. అత్తగారికి అది తిట్టుకన్నా ఎక్కువగా తగిలేది. నా వైపు చూసి నవ్వడం మాత్రం మానేసింది. నేను పలకరిస్తే అడిగినంతవరకూ జవాబు చెప్పి తప్పుకునేది. ఉద్యోగం చేస్తోంది కదా, పొగరెక్కిందనుకున్నాను. మా ఆయనతో అన్నాను కూడా. ఆయన పేపరు పేజీ తిప్పారు. ఇలా నాలుగేళ్ళు గడిచాయి.

ఇప్పుడు చిన్నవాడికి పెళ్ళీడు వచ్చింది. వీడు అన్నకన్నా ముందడుగు వేశాడు. వీడికి బస్సెక్కే శ్రమ కూడా లేదు. హైదరాబాదు కంపెనీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, ఇంటి నుంచే పని అని తల్లి వీధంతా చాటింది. తొమ్మిదింటికి మేడ మీద గది తలుపేసుకుంటాడు. మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వాడి కిటికీ తిన్నగా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో పొద్దస్తమానం పేకముక్కలు కదులుతుంటాయి. కొట్టాయనకి ఇదీ తెలుసు.

మొన్న శనివారం పొద్దున్న నేను అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాను. మలుపులో తెల్లచొక్కా కనిపించింది. కొట్టు దగ్గర ఆగింది, అక్కణ్ణుంచి నేరుగా మా ఇంటివైపు వచ్చింది. ఏభై దాటిన మనిషి, పొందూరు వైపు మాట. మా గేటు మీద చెయ్యి వేసి, "ఇల్లేమైనా అద్దెకున్నాదా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. ఇక నాటకం సాగదీసే ఓపిక ఆయనకి లేనట్టుంది. "మీరే కదమ్మా లెక్కల టీచరు గారు? మిమ్మల్ని అడగమన్నారు. ఎదురింటి సిన్నబ్బాయికి మా పిల్లనడుగుతన్నారు. తల్లి లేని పిల్లమ్మా. ఆ ఉద్యోగం నిజమేనా?"

అప్పుడు నాకు జరిగింది చెప్తే మీరు నన్ను అసహ్యించుకుంటారు. అసహ్యించుకోవలసిందే. ఆయన "తల్లి లేని పిల్ల" అంటుండగానే నా నోట్లో వాక్యాలు తయారైపోయాయి. తొమ్మిదింటికల్లా గదిలో కూర్చుంటాడండీ. ల్యాప్‌టాప్ ముందునుంచి లేవగా నేను చూడలేదు. ఎవరితోనూ అనవసరంగా మాట్లాడడు. ఒక్కటి కూడా అబద్ధం కాదు. అన్నీ వరసగా వచ్చి నాలుక చివర నిలబడ్డాయి.

ఎదురింటి గేటు చప్పుడైంది. కోడలు షాపుకి బయల్దేరింది, భుజాన సంచీ. అరుగు మీద అత్తగారు కూరగాయలు తరుగుతోంది, చెవి ఇటే ఉంది. ఆ పిల్ల తెల్లచొక్కా వైపు చూసింది, నా వైపు చూసింది, తిన్నగా రోడ్డు దాటి మా గేటు దగ్గరికి వచ్చింది.

"మా మరిది గురించేనా బాబూ?" అని ఆయన్ని అడిగింది.

ఆయన కంగారుపడ్డాడు. "ఇల్లు అద్దెకి..." అన్నాడు.

"వాడికి ఉద్యోగం లేదు బాబూ. ఎప్పుడూ లేదు. రోజంతా పేకాడతాడు. నాను ఆ ఇంటి పెద్దకోడల్నే. మీ పిల్లని ఇవ్వకండి."

అవతల అరుగు మీద కత్తిపీట ఆగిపోయింది. "ఒసే, నీకేటైనా పిచ్చెక్కిందేటి" అంటూ అత్తగారు లేచి వస్తోంది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. ఆ సాయంత్రం ఆ ఇంట్లోకే తిరిగి వెళ్ళాలి, ఆ అత్తగారి చేతి అన్నమే తినాలి. వీధిలో ఇక ఎవరూ పేరంటానికి పిలవరు. ఆ సంగతి నాకన్నా ఆ పిల్లకే బాగా తెలుసు.

ఆ పెద్దమనిషికి నమ్మకం కుదరలేదు. ఇంటి కోడలే ఇంటి పరువు తీస్తుంటే ఎవరికి కుదురుతుంది. అత్తాకోడళ్ళ తగువులో ఏదో అంటోందనుకుని ఉంటాడు. గేటు మీద చెయ్యి అలాగే ఉంచి నా వైపు తిరిగాడు. "టీచరమ్మా, పెద్దోరు మీరు సెప్పండి. ఈయమ్మ అన్నది నిజమేనా?"

నేను నోరు తెరిచాను.

"ఆవిడ్ని అడక్కండి బాబూ" అంది ఆ పిల్ల, భుజాన సంచీ సర్దుకుంటూ. "మా నాన్న ఆవిడ్నే అడిగేడు."

ఆయన నా గేటు మీంచి చెయ్యి తీసేశాడు.